ఋణచరిత్రలో దోషములు, వాని సవరణకు న్యాయమార్గములు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమ

ఋణదాతయైన బ్యాంకు గాని, ఇతర ద్రవ్యసంస్థ గాని తన ఖాతాదారుని గూర్చి ఋణసమాచార సంస్థలకు పంపిన వివరములలో అసత్యమైన అంశము చేరినపుడు, దానిని తొలగింపజేసికొనుటకును, అందువలన కలిగిన నష్టమునకు పరిహారము రాబట్టుకొనుటకును ఋణగ్రహీతకు శాసనము కల్పించిన మార్గములు ఈ వ్యాసమునకు విషయము. శాసనము దేశమంతటికిని ఒక్కటే యైనను, ఇచట దానిని పాలమూరు (మహబూబ్‌నగర్) సీమలోని మూడు జిల్లాల జీవనముతో జోడించి పరిశీలింతుము. ఏలయన ఋణమాఫీలు, మహిళాసంఘముల అప్పులు, వలసలు, బ్యాంకుల విలీనములు అను నాలుగు పాయలును ఒకేచోట పెనవేసికొన్న ఈ ప్రాంతమున, తప్పు ఎచట పుట్టినను దాని భారము మోయువాడు అప్పు పుచ్చుకొన్నవాడే యగుట మిక్కిలి స్పష్టముగా కానవచ్చును. బ్యాంకుల వాకిళ్ళలో నిలిచి వినినచో “సిబిల్ పడ్డది”, “సిబిల్ ఖరాబైంది” అను మాటలు చెవిని బడును. సిబిల్ అనునది ఋణసమాచార సంస్థలలో ఒకదాని పేరు మాత్రమే. అయినను పల్లెలలో అది మనుష్యుని ఋణచరిత్రకే పర్యాయపదమై, అక్షరము రానివారి నోట సైతము నానుచున్నది.

పూర్వరంగము

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు నిజాము ప్రభుత్వమునకు లోబడి సాగిన దినములలో ఈ సీమ రైతు ఋణచరిత్ర యంతయు షావుకారి చిట్టా యందే ఇమిడియుండెడిది. ఆ చిట్టాను వ్రాయువాడు, చదివి వినిపించువాడు, తగవు వచ్చినపుడు సాక్ష్యముగా చూపువాడు ఒక్కడే. వేలిముద్ర వేసినవానికి అందులో ఏమి వ్రాసియున్నదో తెలియు దారి లేకుండెను. హైదరాబాదు రాజ్యమున ఫసలీ 1349లో, అనగా క్రీస్తుశకము 1940 ప్రాంతమున, వెలువడిన వడ్డీవ్యాపారుల శాసనము వ్యాపారికి లైసెన్సును, లెక్కల నిర్వహణమును విధించినది. అప్పిచ్చినవాని లెక్కను అప్పు పుచ్చుకొన్నవాడు ప్రశ్నింపవచ్చునను భావము ఈ నేలపై శాసనరూపము దాల్చుట అట్లు ఆరంభమైనది. 1941లో హైదరాబాదు స్టేట్ బ్యాంకు నెలకొనెను. సహకార పరపతి సంఘములు, 1969 నాటి బ్యాంకుల జాతీయీకరణము, గ్రామీణ బ్యాంకులు కూడ వచ్చి రైతును షావుకారి గడప నుండి కొంతవఱకు తప్పించినవి.

చిట్టా మాత్రము పోలేదు, రూపము మార్చుకొన్నది. 2000 ఆగస్టులో ముంబయిలో సిబిల్ స్థాపితమైనది. ఋణసమాచార సంస్థల నియంత్రణ చట్టమును పార్లమెంటు 2005లో చేయగా, అది 2006 డిసెంబరు 14 నుండి అమలునకు వచ్చినది. తరువాత ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, హైమార్క్ సంస్థలకు రిజర్వు బ్యాంకు అనుమతి లభించుటతో వీని సంఖ్య నాలుగైనది. ప్రతి ఋణదాతయు ఈ నాలుగింటను సభ్యత్వము వహింపవలెనని 2015 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆదేశించుటచే, ఆత్మకూరులో తీసుకొన్న బంగారు అప్పైనను, అచ్చంపేటలో తీసుకొన్న ట్రాక్టరు అప్పైనను నాలుగు చిట్టాలలోను ఏకకాలమున నమోదగుచున్నది. 300 నుండి 900 వఱకు గల అంకెగా ప్రజలెఱిగిన స్కోరు ఈ నమోదుల నుండి గణితసూత్రముచే పుట్టునది గాన, స్కోరుతో వాదులాటకు దిగుట వ్యర్థము. వాదింపవలసినది దానికి ఆధారమైన నమోదుతో. ఈ భేదమును గ్రహింపకపోవుటచే అనేకుల ఫిర్యాదులు మొదటి మెట్టుననే వీగిపోవుచున్నవి.

ఇంకొక విషయము. ఋణసమాచార సంస్థ తాను పోయి ఎవ్వరి లెక్కను పరిశీలింపదు. ఋణదాత పంపినదానిని పేరు, పుట్టిన తేది, పాన్ సంఖ్య, చిరునామా, ఫోను సంఖ్య మున్నగు గుర్తుల సహాయమున ఆయా వ్యక్తుల ఖాతాలకు జతపఱచును. పూర్వము నెలకొకసారి సాగిన ఈ పంపకము 2025 జనవరి 1 నుండి పక్షమునకొకసారి జరుగవలెనను నియమమైనది. సమాచారమును కనీసము ఏడేండ్లు భద్రపఱుపవలెను గనుక, ఒకమారు చేరిన తప్పు తనంత తానుగా చెఱగిపోవునని ఆశించుటకు వీలులేదు.

ఈ సీమలో దోషములు పుట్టు విధము

పంటఋణముల మాఫీతో ఆరంభించుట ఉచితము. తెలంగాణ రాష్ట్రము ఏర్పడినపుడు, 2014లో, లక్ష రూపాయల వఱకు ఋణమాఫీ ప్రకటింపబడి, ఆ సొమ్ము నాలుగు వార్షిక వాయిదాలలో బ్యాంకులకు చెల్లింపబడినది. 2018 నాటి రెండవ మాఫీ హామీ అల్పమొత్తములతో మొదలై 2023 వఱకు సాగినది. 2024లో రెండు లక్షల వఱకు మాఫీ జూలై 18, జూలై 30, ఆగస్టు 15 తేదులలో మూడు విడతలుగా జరిగి, వివరములు సరిపడక మిగిలినవారికై నవంబరు 30న మహబూబ్‌నగర్ రైతుసభలో నాలుగవ విడత ప్రకటింపబడినది. ఆధారులో పేరొకటి, పట్టాదారు పాసుపుస్తకములో పేరొకటి, రేషను కార్డులో కుటుంబము మఱొకటి యగుటచే ఎందరివో ఖాతాలు ఆగిపోయిన సంగతి ఆనాడు ఊరూర చర్చకు వచ్చినదే. ఒక ప్రకటనకును, దాని సొమ్ము ఖాతాలో జమయగుటకును నడుమ నెలలు, కొన్ని యెడల ఏండ్లు గడచినవి. ఆ యెడములో మాఫీ అగునను నమ్మికతో రైతు రెన్యూవల్ చేయించుకొనకుండెను, మిత్తి పెరుగుచుండెను, ఖాతా బకాయిగా నమోదగుచుండెను.

ఇచట ఒక సూక్ష్మభేదమును గుర్తింపవలెను. ప్రభుత్వము ఆలస్యము చేసినను, ఆ కాలమున సొమ్ము జమ కాకుండుట వాస్తవమే గాన, బకాయియని వ్రాసిన నమోదు శాసనదృష్టిలో అసత్యము గాదు. ఇది రైతునకు కఠినమైన మాట, నాకును నచ్చని మాట, కాని వాస్తవము. మాఫీ సొమ్ము జమయైన పిదప కూడ బకాయి చూపుట, అప్పు పూర్తిగా తీరినను ఖాతా మూయక నడుచుచున్నట్లు వ్రాయుట, ప్రభుత్వము చెల్లించినదానిని “సెటిల్డ్” అను పేర రైతు బ్యాంకుతో బేరమాడి తగ్గించుకొన్నట్లు చూపుట, ఇవి నిశ్చయముగా దోషములు. పంటఋణము మొండిబకాయిగా పరిగణింపబడుటకు ప్రత్యేక కాలమానము కలదు: స్వల్పకాలిక పంటలకు గడువు దాటిన పిదప రెండు పంటకాలములు, దీర్ఘకాలిక పంటలకు ఒక పంటకాలము గడువవలెను. ఇతర ఋణములకు వర్తించు తొంబది దినముల కొలతను వేరుశనగ రైతు అప్పునకు పెట్టి మొండిబకాయి ముద్ర వేసినచో అదియు సవరింపదగిన తప్పే. వానలు తప్పిన యేట అప్పును పునర్వ్యవస్థీకరించినపుడు, ప్రకృతివైపరీత్యము వలన అట్లు జరిగినదని తెలుపు ప్రత్యేక సంకేతము నివేదికలలో కలదు. దానిని వాడక సామాన్యముగా “పునర్వ్యవస్థీకృతము” అని వ్రాసిన యెడల, కారణము తెలియని మఱొక బ్యాంకు కంటికి ఆ రైతు చేతగానివాడుగా కనబడును.

రెండవ పాయ మహిళాసంఘములది. బ్యాంకు అప్పు సంఘమునకిచ్చును; సంఘము దానిని సభ్యులకు పంచుకొనును. పూర్వము సంఘము పేరు మాత్రమే నమోదగుచుండగా, సభ్యుల వారీ వివరములను సైతము పంపవలెనని రిజర్వు బ్యాంకు 2016 జనవరిలో ఉత్తరువు చేసినది. సదుద్దేశముతో వచ్చిన నియమమే ఇది. కాని సంఘమును విడిచి అత్తవారింటికి పోయిన ఆడపడుచు పేరు పుస్తకములో నుండిపోవుట, తన వాటా తీర్చినామెకు తీర్చనివారి బకాయి అంటుట వంటి చిక్కులకు తావేర్పడినది. సూక్ష్మఋణ సంస్థల అప్పులది వేఱొక చరిత్ర. 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చిన పిదప వసూళ్ళు నిలిచిపోయి, లక్షలాది స్త్రీల ఖాతాలు చెల్లింపు లేక మిగిలినవి. ఆనాడు చెల్లింపవద్దని చుట్టుపట్ల వారందఱును చెప్పగా మానినవారు, తరువాతి కాలమున ఆ బకాయి తమ పేర నమోదైయున్నదని మఱొక అప్పునకు పోయినపుడే తెలిసికొనిరి. రిజర్వు బ్యాంకు నమోదు గల సంస్థలకు ఆ రాష్ట్రశాసనము వర్తింపదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది.

బ్యాంకుల పేర్లు మారుట మూడవ కారణము. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులోను, అదే దినమున సిండికేటు బ్యాంకు కెనరా బ్యాంకులోను విలీనమైనవి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు యొక్క తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుండి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసినవి. ఇట్టి విలీనములో ఒకే అప్పు పాత పేర ఒకసారియు కొత్త పేర ఒకసారియు కనబడవచ్చును. అందుచే నివేదికను చదువునపుడు తాను ఎన్నడును పోని బ్యాంకు పేరు కనబడినంతనే దానిని పరాయి అప్పుగా భావింపక, పాత పాసుపుస్తకముతో సరిచూచుకొనుట మేలు.

పేర్ల సామ్యము ఇంకొకటి. ఒక్క ఊరిలోనే పలువురు వెంకటయ్యలు, పలువురు బాలమ్మలు ఉందురు. తండ్రి పేరును ఇంటిపేరును సైతము కలియును. పుట్టిన తేది ఎఱుగనివారికి ఆధారులో జనవరి 1 అని వ్రాయుట కద్దు. పేరు, తేది, ఊరు మూడును ఒక్కటైనపుడు ఒకరి అప్పు ఇంకొకరి ఖాతాకు చేరుటలో వింత యేమున్నది? వలసపోయినవారి స్థితి మఱింత జటిలము. గుంపుమేస్త్రీ వెంట పూనాకో బొంబాయికో పోయి ఎనిమిది నెలలకు తిరిగివచ్చువాని ఫోను సంఖ్య మారియుండును. బ్యాంకు పంపిన హెచ్చరిక పాత సంఖ్యకు పోవును. ఉత్తరము తాళము వేసిన ఇంటి తలుపు సందున పడియుండును.

ఇట్టి నమోదు ఫలితమేమన, బ్యాంకు మొగము త్రిప్పుకొనును. గద్వాల ప్రాంతమున పత్తి విత్తనము పండించు రైతు అపుడు సీడు ఆర్గనైజరు కడకు పోవును. మగ్గము నేయు పద్మశాలి ముడిపట్టు ఇచ్చు వ్యాపారికి మఱింత లోబడును. నల్లమల అంచున నున్నవారు నూటికి నెలకు మూడేసి రూపాయల మిత్తికి నోటు వ్రాయుదురు. నమోదులోని ఒక్క అక్షరదోషము మనుష్యుని మరల షావుకారి గడపకు చేర్చునను సంగతిని బ్యాంకుల గణకులు మఱువరాదు.

శాసనము చెప్పునది

2005 చట్టములోని 21వ సెక్షను ఈ విషయమునకు మూలస్తంభము. అప్పునకు దరఖాస్తు చేసినవాడు, తన్ను గూర్చి బ్యాంకు తెప్పించుకొన్న నివేదిక ప్రతిని ఆ బ్యాంకునుండియే అడుగవచ్చును. నివేదికలో సవరణ గాని, చేర్పు గాని అవసరమైనచో ఋణదాతను, ఋణసమాచార సంస్థను, లేదా ఇరువురను కోరవచ్చును. కోరిన ముప్పది దినములలో వారు తగు చర్య తీసికొనవలెను. ఇంతవఱకు ఋణగ్రహీతకు అనుకూలము. కాని ఆ సెక్షనునకే రెండు మినహాయింపులు కలవు. ఈ శాసనమంతటిలోను ఇంతకంటె శ్రద్ధగా చదువవలసిన వాక్యములు లేవు. మొదటిది: ఋణదాత ధ్రువీకరించిన పిదపనే ఋణసమాచార సంస్థ సవరణ చేయవలెను. రెండవది: సవరణను గూర్చిన తగవు న్యాయస్థానములో గాని, ట్రిబ్యునలులో గాని, మధ్యవర్తి ముందు గాని విచారణలో నున్నంతకాలము సవరణ చేయరాదు, అంతవఱకు ఋణదాత పుస్తకములలోని లెక్కయే ప్రమాణము.

అనగా, తప్పు వ్రాసినవాని సమ్మతి లేక తప్పు దిద్దబడదు. తొందరపడి కోర్టునకు పోయినచో దిద్దుబాటు మఱింత వెనుకబడును. షావుకారి చిట్టాలోని అధికారము కొంత ఈ నిబంధనలో నేటికిని మిగిలియున్నదని నా యభిప్రాయము. కావున సిబిల్ కార్యాలయమునకు మాత్రమే ఉత్తరము వ్రాసి ఊరకుండుట చాలదు. అప్పిచ్చిన శాఖకు వ్రాతపూర్వకముగా, తేదితో, ముద్రతో కూడిన రసీదు పుచ్చుకొని దరఖాస్తు ఇచ్చుట ప్రథమకార్యము. నోటిమాటగా మేనేజరునకు చెప్పి వచ్చిన ఫిర్యాదునకు దినములు లెక్కింపబడవు. ఈ విషయమున ఋణగ్రహీత చేతిలోని గట్టి ఆయుధము తేదియే.

శాఖలో చేయదగినది

ముందుగా నాలుగు సంస్థలనుండియు నివేదికలు తెప్పించుకొనవలెను. ప్రతి సంస్థయు ఏడాదికొకసారి సంపూర్ణ నివేదికను ఉచితముగా ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు 2016లో ఆదేశించినది. ఇది 2017 జనవరి నుండి అమలులో నున్నది. చదువుకొన్న పిల్లవాని ఫోనునందైనను దీనిని పొందవచ్చును. దీనికై దళారికి రూపాయలిచ్చుట అనవసరము. సిబిల్ బాగుచేయింతుమని పట్టణములలో తిరుగు ఏజెంట్లకు శాసనము ఏ ప్రత్యేకాధికారమును ఇయ్యలేదు. వారు చేయగలిగినదంతయు ఖాతాదారుడు తానుగా చేసికొనగలడు.

నివేదికలో ఏ ఖాతా, ఏ నెల, ఏ గడిలో తప్పున్నదో గుర్తించి, దానికి ఎదురుగా ఆధారమును చూపవలెను: అప్పు తీరినదను నో డ్యూస్ పత్రము, మాఫీ సొమ్ము జమయైన తేది గల పాసుపుస్తకపు పుట, సంఘము తీర్మానపు ప్రతి, తాకట్టు విడిపించిన కాగితము. బ్యాంకు కాగితములు ఇయ్యనిచో, అది ప్రభుత్వరంగ బ్యాంకు అయినయెడల సమాచారహక్కు చట్టము క్రింద తన ఖాతా వివరములను తానే అడిగి ముప్పది దినములలో పొందవచ్చును.

2023 అక్టోబరు 26న రిజర్వు బ్యాంకు వెలువరించి, ఆరు మాసముల పిదప అమలుపఱచిన పరిహారవిధానము ఈ రంగమున గొప్ప మార్పు తెచ్చినది. ఫిర్యాదు చేసిన ముప్పది దినములలో పరిష్కారము కానిచో, అటుపై గడచిన ప్రతి దినమునకు నూరు రూపాయల చొప్పున ఫిర్యాదుదారునకు చెల్లింపవలెను. ఋణదాత ఇరువదియొక్క దినములలో సవరించిన వివరములను పంపకున్నచో పరిహారము ఋణదాతది. అతడు సకాలమున పంపినను దిద్దకున్నచో ఋణసమాచార సంస్థది. పరిష్కారమైన ఐదు పనిదినములలో ఆ సొమ్ము ఖాతాలో పడవలెను. ఉదాహరణమునకు, డెబ్బదవ దినమున తప్పు దిద్దబడినచో నలువది దినముల ఆలస్యమునకు నాలుగువేల రూపాయలు రావలెను. ఇది తప్పు వలన కలిగిన నష్టమునకు వెల గాదు, ఆలస్యమునకు మాత్రమే. పోయిన అప్పు, తప్పిన అదను, అధిక మిత్తి ఇందులో లెక్కకు రావు. స్కోరు గణించు పద్ధతిని గూర్చిన వివాదములకును, ఇతర న్యాయవేదికలలో నున్న వివాదములకును ఇది వర్తింపదు. అదే సమయమున వచ్చిన మఱొక ఉత్తరువు వలన, బకాయి వివరమును ఋణసమాచార సంస్థకు పంపునపుడు ఖాతాదారునకు సందేశముచే తెలుపవలెననియు, సవరణ కోరిక తిరస్కరించినచో కారణము చెప్పవలెననియు నియమమేర్పడినది. ఆ సందేశము చేరవలెనన్నచో బ్యాంకులో ఇప్పటి ఫోను సంఖ్య నమోదైయుండవలెను. వలసకు బయలుదేరుటకు మునుపు చేయవలసిన చిన్న పని ఇది.

అంబుడ్స్‌మన్

ముప్పది దినములు గడచినను సమాధానము రానిచో, వచ్చినను తృప్తి కలుగనిచో, 2021 నవంబరు 12న ఆరంభమైన రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకము క్రింద ఫిర్యాదు చేయవచ్చును. ఋణసమాచార సంస్థలు 2022 సెప్టెంబరు 1 నుండి దీని పరిధిలోనికి వచ్చినవి. గ్రామీణ బ్యాంకులు మొదటినుండియు కలవు. జిల్లా కేంద్ర సహకార బ్యాంకులు 2025 నవంబరు 1 నుండి చేరినవి. సహకార సంఘము ద్వారా పంటఋణము పొందు పాలమూరు రైతునకు ఈ కడపటి చేర్పు మిక్కిలి ఉపకారము. ఫిర్యాదును రిజర్వు బ్యాంకు పోర్టలునందు గాని, చండీగఢ్ నందలి స్వీకరణ కేంద్రమునకు తపాలా ద్వారా గాని పంపవచ్చును; 14448 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే వివరము లభించును. రుసుము లేదు; న్యాయవాది అక్కఱలేదు. 2021 పథకములో నష్టమునకు ఇరువది లక్షల వఱకును, మనఃక్లేశమునకు, కాలవ్యయమునకు, వేధింపునకు లక్ష వఱకును పరిహారము విధించు అధికారము అంబుడ్స్‌మన్‌కు ఒసగబడినది. సంస్థ సమాధానమిచ్చిన ఏడాదిలోపల పోవలెననునది ఆ పథకములోని గడువు. ముందుగా సంస్థకు వ్రాయక నేరుగా పోయిన ఫిర్యాదు నిలువదు. కోర్టులోనో, వినియోగదారుల కమిషనులోనో అదే వివాదము నడుచుచున్నను నిలువదు. కావున మార్గములను ఎంచుకొను క్రమము ముఖ్యము: శాఖ, బ్యాంకు నోడల్ అధికారి, అంబుడ్స్‌మన్, పిదప ఇతర వేదికలు.

వినియోగదారుల కమిషను, న్యాయస్థానములు

తీరిన అప్పును తీరనట్లు చూపుట 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద సేవాలోపమగును. కారణము పుట్టిన రెండేండ్లలో ఫిర్యాదు చేయవలెను. ఫిర్యాదుదారుడు తాను నివసించు చోటనే వేయవచ్చునని కొత్త చట్టము చెప్పుటచే, బ్యాంకు ప్రధానకార్యాలయము ముంబయిలో నున్నను అచటికి పోనవసరము లేదు. ఉమ్మడి పాలమూరు జిల్లాకు కమిషను మహబూబ్‌నగర్‌లో కలదు. వ్యాపారార్థమై తీసుకొన్న అప్పులకు ఈ చట్టము వర్తింపకున్నను, స్వయంకృషితో జీవనోపాధికై తీసుకొన్న మగ్గము అప్పు, ఆటో అప్పు వంటివి ఆ మినహాయింపులోనికి రావు. తప్పుడు నమోదు వలన ఇల్లు కట్టుకొను అప్పు ఆగిన సంగతిని, బ్యాంకు తిరస్కరించిన ఉత్తరముతో నిరూపింపగలిగినచో నష్టపరిహారమునకు ఇది తగిన వేదిక.

2005 చట్టములోని 18వ సెక్షను ప్రకారము, ఆ చట్టములో వేఱొక ఉపాయము చెప్పబడని వివాదములు మధ్యవర్తిత్వముచే తీరవలెను. మధ్యవర్తిని రిజర్వు బ్యాంకు నియమించును. అట్టి విషయములలో సాధారణ న్యాయస్థానముల అధికారమును 31వ సెక్షను నిరోధించి, సుప్రీంకోర్టు, హైకోర్టుల అధికారమును మాత్రము నిలిపినది. ప్రభుత్వరంగ బ్యాంకు అన్యాయముగా ప్రవర్తించినపుడు రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైదరాబాదులోని తెలంగాణ హైకోర్టున రిట్ వేయవచ్చును. ప్రైవేటు బ్యాంకులపై సామాన్యముగా రిట్ నిలువదని 2003లో ఫెడరల్ బ్యాంకు వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. పరువునష్టపు దావా వేయువారికి గడువు ఏడాది మాత్రమే, నిరూపణభారమును మిక్కుటము, అల్పఋణము గలవారు దీనికి పోకుండుటయే లెస్స.

తెలిసి తెలిసి అసత్యము పంపుట 2005 చట్టము ప్రకారము నేరమై, కోటి రూపాయల వఱకు జరిమానాకు గుఱియగును; కాని రిజర్వు బ్యాంకు అధికారి వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసిననే కోర్టు దానిని విచారణకు చేపట్టును. తన పేర మఱొకడు ఆధారు, పాన్ వాడి అప్పు తీసుకొన్న సందర్భము వేఱు: అపుడు 1930 సంఖ్యకు గాని, ఠాణాకు గాని వెంటనే తెలిపి, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఋణదాతకు జతపఱచవలెను. సమాచార సాంకేతిక శాసనము 66సి సెక్షను ఇట్టి గుర్తింపుచౌర్యమును శిక్షించును. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములోను సవరణహక్కు కలదు. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలునకు వచ్చుచున్నవి.

న్యాయవాది సహాయము కావలసినవారికి దూరము పోవలసిన పని లేదు. 2022 జూన్ 2న జిల్లా న్యాయస్థానములు కొత్త జిల్లాలన్నిటను ఏర్పడుటతో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులలో న్యాయసేవాధికార సంస్థలు నెలకొన్నవి. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. సంఘపు అప్పులో చిక్కుకొన్న స్త్రీలకును, నల్లమల చెంచులకును ఈ ద్వారము తెఱచియున్నది. 15100 వారి ఫోను సంఖ్య.

ఇతర దేశముల పద్ధతి

అమెరికాలో 1970 నాటి ఋణనివేదికల శాసనము ప్రకారము, వినియోగదారుడు ఋణసమాచార సంస్థకు అభ్యంతరము తెలిపినచో ఆ సంస్థ సామాన్యముగా ముప్పది దినములలో విచారింపవలెను. నిజమని నిర్ధారింపలేని అంశమును తొలగింపవలెను. అనగా ఋణదాత మౌనము వహించినచో అచట నమోదు చెఱగును. మన దేశమున ఋణదాత మౌనము వహించినచో నమోదు నిలుచును. ఆలస్యమునకు దినమునకు నూరు రూపాయలు విధించి రిజర్వు బ్యాంకు ఈ లోపమును కొంత పూడ్చినది, పూర్తిగా పూడ్చలేదు. ఇంగ్లండున 1974 చట్టము క్రింద ఋణగ్రహీత తన వివరణను ఇన్నూఱు మాటలకు మించకుండ నివేదికలోనే చేర్పింపవచ్చును. మాఫీ ఆలస్యము వలన బకాయిపడిన పాలమూరు రైతునకు, నమోదు నిజమే యైనను దాని కారణమును చెప్పుకొను ఇట్టి గడి ఒకటి మన నివేదికలలో నుండుట ఎంతయు న్యాయము. వివాదము నడుచునపుడు “వివాదములో నున్నది” అను సూచన మాత్రమే నేడు కనబడును.

ఇక మన దేశమున ఇంతవఱకు అప్పు చేయనివారి స్థితి దీనికి భిన్నము. చరిత్రయే లేదను కారణమున మొదటిసారి అప్పు కోరువారిని నిరాకరింపరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నాటి నిర్దేశములలో బ్యాంకులకు తెలిపినది. అట్టి నిరాకరణ ఎదురైనపుడు శాఖలో ఈ సంగతిని ఉదహరింపవచ్చును.

సవరణ జరిగినదని బ్యాంకు ఉత్తరమిచ్చినను పని ముగియలేదు. నాలుగు సంస్థలలో ఒక్కదానియందు దిద్దబడి తక్కిన మూడింట పాత నమోదే నిలిచియుండవచ్చును. తరువాతి అప్పు ఇచ్చు బ్యాంకు ఏ సంస్థ నివేదికను చూచునో ముందుగా తెలియదు. కావున ఒకటి రెండు పక్షములు గడచిన పిదప నాలుగింటను మరల నివేదికలు తెప్పించి సరిచూచుకొని, ఆ ప్రతులను నో డ్యూస్ పత్రముతో కలిపి పట్టాదారు పాసుపుస్తకముండు పెట్టెలోనే దాచుకొనవలెను.